అయినవాళ్లను అడ్డం పెట్టి అడిగినప్పుడు: ఉరకామి పల్లె చరిత్ర

మన సంఘం సావనీరులో మన తెగల పోరాటాలు, పండుగలు, పాటలు, పెద్దల జీవితాల గురించి ప్రతిసారీ చదువుకుంటున్నాం. ఈసారి మేము రాస్తున్నది సముద్రాల అవతల జపాన్ దేశంలోని ఒక పల్లె గురించి. దాని పేరు ఉరకామి. నాగసాకి పట్టణాన్ని ఆనుకుని ఉన్న లోయలో సేద్యం చేసుకుని బతికిన పేద రైతుల పల్లె అది.

ఆ పల్లె గురించి ఎందుకు రాస్తున్నామో ముందే చెప్పాలి. హాస్టల్‌లో ఏళ్లుగా పిల్లల మధ్య ఉంటున్న మాకు ఒక ప్రశ్న తరచుగా ఎదురవుతుంది. చర్చికి వెళ్లే కుటుంబాల నుంచి వచ్చిన పిల్లలు కొంచెం పెద్దయ్యాక, చుట్టూ ఎవరూ లేనప్పుడు అడుగుతారు. “మమ్మల్ని ఏమన్నా పడతాం మేడం. మా అమ్మానాన్నలను ఊళ్లో పనికి పిలవం అంటే, మా నాయనమ్మను పాతిపెట్టడానికి చోటివ్వం అంటే, అప్పుడు ఏం చేయాలి?”

దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. దేవుడే ముఖ్యం, గట్టిగా నిలబడమని ఒకరంటారు. కన్నవాళ్ల కంటే ఏదీ ఎక్కువ కాదు, వదిలేయమని ఇంకొకరంటారు. బైబిల్‌లోనూ రెండు వైపులా మాటలున్నాయి. తల్లిదండ్రుల కంటే తనను ఎక్కువగా ప్రేమించాలని యేసు శిష్యులకు చెప్పాడు. సొంత ఇంటివాళ్లను చూసుకోనివాడు విశ్వాసాన్ని కాదన్నట్టేనని తిమోతికి రాసిన ఉత్తరంలో ఉంది. ఈ రెండింటి మధ్య నలిగినవాళ్లు నిజంగా ఎలా బతికారో తెలియాలంటే చరిత్ర చదవాలి. ఉరకామి వాళ్లు దాదాపు 260 ఏళ్లు ఆ నలుగుడులోనే బతికారు.

గోవా నుంచి వెళ్లిన ఓడ

1549 ఆగస్టు 15న ఫ్రాన్సిస్ జేవియర్ అనే క్రైస్తవ గురువు జపాన్ దక్షిణాన ఉన్న కాగోషిమాలో దిగాడు. ఆయన బయలుదేరింది మన గోవా నుంచే. ఆయనతో పాటు వెళ్లిన అంజిరో అనే జపాన్ మనిషి అంతకు ముందు ఏడాది గోవాలోనే జ్ఞానస్నానం తీసుకున్నాడు. జేవియర్ భౌతికకాయం ఈనాటికీ గోవాలోనే ఉంది.

అప్పటి జపాన్‌లో దొరలు ఒకరితో ఒకరు యుద్ధాలు చేసుకునేవారు. కొందరు దొరలు నిజంగా నమ్మి, కొందరు పోర్చుగీసు ఓడల వ్యాపారం మీద ఆశతో క్రైస్తవులయ్యారు. ఓమురా ప్రాంతపు దొర సుమితాదా 1563లో జ్ఞానస్నానం తీసుకున్నాడు. 1571లో నాగసాకి రేవు తెరుచుకుంది. దొర మారాడు కాబట్టి ప్రజలూ మారాలని ఒత్తిడి చేసిన సందర్భాలు, బౌద్ధ ఆలయాలను పడగొట్టిన సందర్భాలు కూడా ఆ రోజుల్లో ఉన్నాయి. ఇది దాచిపెట్టి మిగతా చరిత్ర చెప్పడం న్యాయం కాదు. 1600 తర్వాతి కొన్నేళ్లకు ఆ దేశంలో క్రైస్తవులు సుమారు మూడు లక్షల మంది ఉండేవారని అంచనా.

దేశాన్ని తన చేతిలోకి తెచ్చుకున్న హిదెయోషికి అనుమానం పుట్టింది. ఈ గురువుల వెనకాల పరాయి రాజుల సైన్యం వస్తుందేమోనన్నది ఆయన భయం. 1587లో గురువులను దేశం విడిచి పొమ్మన్నాడు. 1597 ఫిబ్రవరి 5న నాగసాకిలో నిషిజాకా అనే గుట్ట మీద 26 మందిని సిలువ వేయించాడు. క్యోటో, ఒసాకాలలో పట్టుకున్నవాళ్లను చలికాలంలో వందల కిలోమీటర్లు నడిపించి అక్కడికి తెచ్చారు. ఆ 26 మందిలో ఒకరు మన దేశంవాడు. ముంబైకి దగ్గరలోని వసయిలో పుట్టిన గొన్సాలో గార్సియా. తండ్రి పోర్చుగీసువాడు, తల్లి భారతీయురాలు.

వాళ్లలో చిన్నపిల్లలూ ఉన్నారు. లూయిస్ ఇబరాకికి 12 ఏళ్లు. తోమాసు కొజాకి పద్నాలుగేళ్ల కుర్రవాడు, తన తండ్రి మికాయేలుతో పాటే చనిపోయాడు. దారిలో తల్లికి ఉత్తరం రాశాడు. నాన్న గురించి, తన గురించి దిగులు పడవద్దని, తమ్ముళ్లను జాగ్రత్తగా చూసుకోమని ఆ ఉత్తరం సారాంశం. చనిపోబోతున్న పిల్లవాడికి ఇంట్లో మిగిలిన తమ్ముళ్ల గురించే ఆలోచన. ఆ తర్వాత రెండున్నర శతాబ్దాల పాటు పాలకులు పట్టుకుని లాగింది సరిగ్గా ఆ బంధాన్నే.

ఒకరు నమ్మితే అయిదిళ్లకు శిక్ష

1614లో తోకుగావా ప్రభుత్వం దేశమంతటా క్రైస్తవ మతాన్ని నిషేధించింది. గురువులను చంపితే మతం పోతుందనుకున్నారు. పోలేదు. చనిపోయినవాళ్ల మీద గౌరవం ఇంకా పెరిగింది. చావుకు సిద్ధపడినవాణ్ణి చావుతో భయపెట్టలేమని పాలకులకు అర్థమైంది. అప్పుడు వాళ్లు మనిషిని వదిలి, అతని చుట్టూ ఉన్నవాళ్లను పట్టుకునే ఏర్పాట్లు చేశారు.

మొదటిది అయిదిళ్ల జట్టు. ఇరుగుపొరుగు అయిదు ఇళ్లను ఒక జట్టుగా రాసేవారు. ఒక ఇంట్లో క్రైస్తవుడు దొరికితే మిగతా నాలుగిళ్లకూ శిక్ష పడేది. దాంతో పక్కింటివాడు కాపలావాడయ్యాడు.

రెండోది ఆలయం దగ్గర నమోదు. ప్రతి కుటుంబం ఏదో ఒక బౌద్ధ ఆలయంలో పేరు రాయించుకుని, తాము క్రైస్తవులం కామని అక్కడి పూజారి చేత ధ్రువపత్రం తీసుకోవాలి. చావు జరిగితే ఆ ఆలయ పూజారి వచ్చి మంత్రాలు చదవాలి.

మూడోది బహుమతి పలకలు. ఊరి కూడళ్లలో చెక్క పలకలు నిలబెట్టి, క్రైస్తవులను పట్టిస్తే ఎంత ఇస్తారో రాసేవారు. 1682 నాటి పలక ప్రకారం ఒక గురువును పట్టించినవాడికి 500 వెండి నాణేలు.

నాలుగోది ఫుమియె. అంటే తొక్కే బొమ్మ. క్రీస్తుదో మరియమాతదో బొమ్మ ఉన్న పలకను నేల మీద పెట్టి, నాగసాకి ప్రాంతంలో ఏటా కొత్త సంవత్సరం రోజుల్లో ఇంటిల్లిపాది చేత తొక్కించేవారు. నడవలేని ముసలివాళ్ల పాదాలను, చంటిపిల్లల పాదాలను కూడా దాని మీద ఆనించేవారు. 1850ల చివరి వరకు ఇది సాగింది.

ఇవి కాక, ఒకప్పుడు క్రైస్తవులై తర్వాత కాదన్నవాళ్ల పిల్లల మీద, మనవల మీద కూడా తరాల తరబడి నిఘా ఉండేది. పుట్టుకే అనుమానానికి కారణమైంది. ఈ మాట చదివితే మనకు వేరే చరిత్ర గుర్తుకు రావాలి. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం మన దేశంలో తెచ్చిన నేరస్థ తెగల చట్టం కూడా, చేసిన పనిని బట్టి కాక పుట్టిన తెగను బట్టి మనిషిని దొంగగా రాసింది. ఎరుకలవాళ్లు, ఇంకా ఎన్నో తెగలవాళ్లు 1952లో ఆ చట్టం రద్దయ్యే వరకు దాన్ని మోశారు. ఒక మనిషిని లొంగదీయడానికి అతని కులాన్ని, కుటుంబాన్ని, పిల్లలను పట్టుకోవడం పాలకులకు ఎక్కడైనా తెలిసిన విద్యే.

నిలబడినవారు, లొంగినవారు

1619లో క్యోటోలో 52 మందిని దహనం చేశారు. అందులో 11 మంది పిల్లలు. గర్భవతి అయిన తెక్లా హషిమోతో అనే తల్లి తన చిన్నారులను పట్టుకునే ప్రాణం విడిచింది. 1622 సెప్టెంబర్ 10న నాగసాకిలో అదే నిషిజాకా గుట్ట మీద 55 మందిని చంపారు. వారిలో ఇసబెల్ అనే స్త్రీ, ఆమె నాలుగేళ్ల కొడుకు ఇగ్నాసియో ఉన్నారు. గురువుకు ఇంట్లో చోటిచ్చినందుకు ఆమె భర్తను 1619లోనే చంపేశారు.

1633లో ఇంకో సంగతి జరిగింది. క్రిస్తోవావ్ ఫెరీరా అనే పోర్చుగీసు గురువును, జూలియన్ నకౌరా అనే జపాన్ గురువును తలకిందులుగా గోతిలో వేలాడదీశారు. జూలియన్ చిన్నతనంలో గోవా మీదుగా రోమ్ వరకు వెళ్లి వచ్చినవాడు. ఆయన ఆ గోతిలోనే చనిపోయాడు. ఎంతో పేరున్న పెద్ద గురువు ఫెరీరా అయిదు గంటల తర్వాత విశ్వాసాన్ని వదిలేస్తున్నానని ఒప్పుకున్నాడు. ఇద్దరికీ ఒకే శిక్ష, ఒకే నొప్పి. చదువు, పదవి, వయసు చూసి ఎవరు నిలబడతారో ఎవరు వంగుతారో ముందుగా చెప్పలేమని మాత్రమే దీన్నిబట్టి మనం నేర్చుకోవాలి. చల్లటి నీడలో కూర్చుని ఫెరీరాను తిట్టే హక్కు మనకు లేదు.

1637లో షిమబారా ప్రాంతంలో పన్నులు, ఆకలి, మత హింస కలిసి రైతుల తిరుగుబాటుకు దారితీశాయి. హారా కోటలో చేరినవాళ్లను ఆడా మగా పిల్లా పెద్దా అని చూడకుండా 1638లో చంపేశారు. సుమారు 37,000 మంది అని చెబుతారు. తర్వాత వేట ఇంకా పెరిగింది. దేశంలో మిగిలిన ఆఖరి గురువు మాన్సియో కొనిషిని 1644లో చంపారు. అక్కడితో గురువులు లేరు, చర్చిలు లేవు, పుస్తకాలు దాదాపు లేవు.

ఏడు తరాలు నోటి మాటగా

అయినా ఉరకామిలో, చుట్టుపక్కల పల్లెల్లో, దీవుల్లో విశ్వాసం బతికింది. దాన్ని బతికించినవాళ్లు రైతులు, జాలర్లు, మంత్రసానులు.

ఊళ్లో ముగ్గురు రకాల పెద్దలను రహస్యంగా పెట్టుకున్నారు. ఒకరు పండుగల లెక్క చూసేవారు. ఏ రోజు క్రిస్మస్, ఏ రోజు ఉపవాసం అని ఆయనే చెప్పాలి. రెండోవారు పుట్టిన బిడ్డకు నీళ్లతో జ్ఞానస్నానం ఇచ్చేవారు. మూడోవారు ఆ కబుర్లు ఇంటింటికీ మోసేవారు. ప్రార్థనలను ఒరాషో అనేవారు. లాటిన్, పోర్చుగీసు, జపాన్ మాటలు కలిసిపోయిన ఆ ప్రార్థనలను అర్థం పూర్తిగా తెలియకపోయినా తల్లి బిడ్డకు, తాత మనవడికి నోటితో నేర్పారు. బౌద్ధుల కరుణా దేవత కన్నోన్ బొమ్మను ఇంట్లో పెట్టుకుని, దాన్నే మరియ తల్లిగా తలచుకునేవారు. చావు ఇంట్లో ఆలయ పూజారి మంత్రం చదువుతుంటే, పక్క గదిలో కూర్చుని తమ ప్రార్థన మెల్లగా చెప్పుకునేవారు.

రాత లేకుండా ఇంత కాలం ఎలా నిలిచిందని చదువుకున్నవాళ్లు ఆశ్చర్యపోతారు. మనకు అంత ఆశ్చర్యం అక్కర్లేదు. గోండుల పుట్టుక కథలను ప్రధానులు కిక్రీ వాయిస్తూ తరతరాలుగా మోసుకొచ్చారు. కోయల గట్ల చరిత్రను డోలీలు పడిగెల మీది బొమ్మలు చూపిస్తూ పాడుతున్నారు. పుస్తకాన్ని కాల్చేసినా నోట్లో ఉన్నది మిగులుతుందని మన తాతలకు తెలుసు, ఉరకామి వాళ్లకూ తెలుసు.

ఇక మన ప్రశ్నకు దగ్గరగా వచ్చే సంగతి ఇది. ఫుమియె తొక్కకపోతే ఏమవుతుంది? తొక్కనివాడు ఒక్కడే చావడు. ఇల్లు, పక్కనున్న నాలుగిళ్లు, వెతికితే ఊరంతా పోతుంది. అందుకని ఉరకామి వాళ్లు ఏటా వెళ్లి తొక్కారు. తొక్కి ఇంటికొచ్చి కొన్చిరిసన్ చెప్పుకున్నారు. పోర్చుగీసు నుంచి వచ్చిన ఆ మాటకు మనసారా పశ్చాత్తాపపడటం అని అర్థం. పాపాన్ని ఒప్పుకోవడానికి గురువు దొరకనప్పుడు దేవుడి ముందు నేరుగా ఎలా పశ్చాత్తాపపడాలో నేర్పే ఒక చిన్న పుస్తకం 1603 నాటికే వచ్చింది. పుస్తకం దొరకని చోట దాన్ని కంఠతా పట్టారు, రహస్యంగా చేత్తో రాసుకున్నారు.

తొక్కడం తప్పు కాదని వాళ్లు అనుకోలేదు. తప్పే అనుకున్నారు, అందుకే ఏటా ఏడ్చారు. కానీ తొక్కిన మనిషిని ఊరి నుంచి వెలివేయలేదు. అందరూ తొక్కినవాళ్లే కాబట్టి ఎవరూ ఎవరినీ వేలెత్తి చూపలేదు. చనిపోయినవాళ్లను తలచుకుంటూ, తొక్కి బతికినవాళ్లు పిల్లలకు నేర్పారు. ఏడు తరాల తర్వాత గురువులు మళ్లీ వస్తారని బాస్తియన్ అనే పాత ఉపదేశి చెప్పిపోయిన మాట ఆ పల్లెల్లో నిలిచిపోయింది.

మరియ తల్లి బొమ్మ ఎక్కడ?

1850లలో జపాన్ విదేశీయులకు తలుపులు తెరిచింది. నాగసాకిలో ఉండే విదేశీయుల కోసం ఓవురా అనే చోట చర్చి కట్టారు. 1597లో చనిపోయిన ఆ 26 మంది పేరు మీదే అది వెలిసింది. 1865 మార్చి 17న ఉరకామి నుంచి పది పదిహేను మంది అక్కడికి వచ్చారు. వారిలో ఇసబెలినా యురి అనే మంత్రసాని, ఫ్రెంచి గురువు పెతిజాన్ దగ్గరకు వెళ్లి, మా మనసూ మీ మనసూ ఒకటేనని చెవిలో చెప్పి, మరియ తల్లి బొమ్మ ఎక్కడుందని అడిగింది. రెండు వందల ఏళ్ల మౌనం ఒక ఆడమనిషి నోటితో తెగింది.

నిషేధం మాత్రం ఇంకా తీయలేదు. 1867 వసంతంలో ఉరకామిలో ఒక చావు జరిగితే, ఇక ఆలయ పూజారిని పిలవబోమని ఊరివాళ్లు చెప్పేశారు. తల్లిని, తండ్రిని తమ నమ్మకం ప్రకారం మట్టి చేయాలన్నదే వాళ్ల కోరిక. అదే ఏడు జూలై 15 రాత్రి అధికారులు వచ్చి 68 మందిని పట్టుకెళ్లారు. చిత్రహింసల తర్వాత ఒక్క రైతు తప్ప మిగతా అందరూ లొంగారు. ఆ ఒక్కడి పేరు తకాగి సెన్‌ఎమోన్. లొంగినవాళ్లను ఇళ్లకు పంపేశారు. వాళ్లలో చాలామందికి ఇంట్లో మనసు నిలవలేదు. మళ్లీ అధికారుల దగ్గరకే వెళ్లి, మేము కాదన్న మాటను వెనక్కి తీసుకుంటున్నామని చెప్పారు.

వాళ్లు ప్రయాణం అని పిలిచింది

1868లో ప్రభుత్వం మారినా నిషేధం పలకలు మారలేదు. ముందుగా ఇంటి పెద్దలు, ఊరి పెద్దలు 114 మందిని హాగి, త్సువానో, ఫుకుయామా అనే దూర ప్రాంతాలకు ప్రవాసం పంపారు. 1870 మొదట్లో మిగతా ఊరంతటినీ, ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లతో సహా, వేర్వేరు చోట్లకు చెదరగొట్టారు. అందరూ కలిపి సుమారు 3,400 మంది. ఉరకామి వాళ్లు ఆ ప్రవాసాన్ని ప్రయాణం అని పిలుచుకున్నారు. ఈనాటికీ అదే మాట వాడతారు.

త్సువానోకు మొదట 28 మంది మగవాళ్లను తెచ్చారు. కొండ మలుపులో పాడుబడిన ఒక ఆలయంలో ఉంచారు. తిండి తగ్గించారు. గడ్డకట్టిన చెరువులోకి సెన్‌ఎమోన్‌ను, మొరియామా జిన్‌జాబురో అనే యువకుణ్ణి దింపారు. నిలబడటానికి, పడుకోవడానికి వీలులేని మూడడుగుల బోనులో కొందరిని మంచులో వదిలేశారు. కొందరు లొంగారు, కొందరు చనిపోయారు, కొందరు మిగిలారు. 1870లో వాళ్ల కుటుంబాలను కూడా, మరో 125 మందిని, అక్కడికే తెచ్చారు. పెద్దలు లొంగకపోయేసరికి పిల్లల మీదికి మళ్లారు. జిన్‌జాబురో తమ్ముడు యుజిరోకు పద్నాలుగేళ్లు. వాణ్ణి కట్టేసి కొట్టిన దెబ్బలకు 1871లో చనిపోయాడు. చివరి రోజుల్లో అక్క మత్సు దగ్గరుండి చూసుకుంది. కప్పు మీద పిచ్చుక తన పిల్లకు తిండి పెట్టడం చూశానని, దేవుడు నన్ను అంతకంటే బాగా చూసుకుంటాడని అనుకుని ఓర్చుకున్నానని వాడు అక్కకు చెప్పినట్టు వాళ్ల కుటుంబం చెప్పుకుంది. త్సువానోకు తెచ్చిన 153 మందిలో దాదాపు నాలుగో వంతు తిరిగి రాలేదు.

మొత్తం ప్రవాసంలో 600 మందికి పైగా చనిపోయారు. సుమారు వెయ్యి మంది ఏదో ఒక దశలో లొంగారు. కళ్ల ముందు బిడ్డ ఆకలితో ఏడుస్తుంటే తండ్రి ఒక కాగితం మీద వేలిముద్ర వేయడం మనకు అర్థం కాని సంగతేమీ కాదు.

ఈ వార్తలు విదేశీ పత్రికల్లో వచ్చాయి. అమెరికా, యూరప్‌లకు వెళ్లిన జపాన్ ప్రతినిధులకు అడుగడుగునా ఇదే ప్రశ్న ఎదురైంది. చివరికి 1873 ఫిబ్రవరి 24న నిషేధం పలకలను తీసేశారు. ఉరకామి వాళ్లు ఇంటిదారి పట్టారు.

తిరిగి వచ్చాక చేసిన పని

వచ్చేసరికి ఇళ్లు పాడుబడ్డాయి, సామాను పోయింది, పొలాలు చెడిపోయాయి. మరుసటి ఏడు 1874లో రక్త విరేచనాల జబ్బు ఊరిని పట్టుకుంది. అప్పుడు ఇవనాగ మాకి అనే యువతి ముందుకొచ్చింది. ఆమెకు పాతికేళ్లు. ప్రవాసంలో తండ్రిని, చెల్లిని పోగొట్టుకుని వచ్చింది. మరో ముగ్గురు ఆడపిల్లలతో కలిసి ఇంటింటికీ తిరిగి రోగులకు సేవ చేసింది. ఆ ముగ్గురిలో ఒకరు త్సువానోలో తమ్ముణ్ణి పోగొట్టుకున్న మత్సు. సెన్‌ఎమోన్ ఇచ్చిన పాకలో ఆ నలుగురూ కలిసి ఉంటూ, తల్లిదండ్రులు లేని పిల్లలను చేరదీసి పెంచడం మొదలుపెట్టారు. ఆ పాకే తర్వాత అనాథ పిల్లల ఆశ్రమంగా పెరిగింది.

ఇతరుల పిల్లలను పెంచే పనిలో ఉన్న మాకు ఈ చరిత్రలో అన్నిటికంటే పెద్ద సంగతి ఇదే అనిపిస్తుంది. సొంత బిడ్డలను, తమ్ముళ్లను అడ్డం పెట్టి ఏడిపించిన లోకం మీద వీళ్లు కక్ష తీర్చుకోలేదు. ఎవరి బిడ్డో అడగకుండా బిడ్డలను దగ్గరకు తీసుకున్నారు.

ఇంకొకటి చేశారు. ఏటా ఫుమియె తొక్కించిన ఊరి పెద్ద ఇంటి స్థలాన్నే 1880లో కొని చర్చికి పెట్టుకున్నారు. తరాల తరబడి తలవంచుకుని తొక్కిన నేల మీదే మోకరించారు. 1895లో పునాది వేసిన పెద్ద చర్చి 1914కు పూర్తయింది. 1945 ఆగస్టు 9న నాగసాకి మీద పడిన అణుబాంబు దానికి సుమారు అర కిలోమీటరు దూరంలోనే పేలింది. ఆ చర్చి పరిధిలోని 12,000 మందిలో దాదాపు 8,500 మంది చనిపోయారు. మిగిలినవాళ్లు 1959లో చర్చిని మళ్లీ కట్టుకున్నారు. నాగసాకి ప్రాంతంలోని రహస్య క్రైస్తవుల స్థలాలను 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

మనకు సంబంధించిన మాటలు

ఇప్పుడు పిల్లలు అడిగిన ప్రశ్నకు వద్దాం. దీనికి ఒక్క జవాబు ఉందని మేము చెప్పం. ఉరకామి చరిత్ర చదివాక మాకు గట్టిగా అనిపించిన మాటలు మాత్రం మీతో చెబుతాం.

మొదటిది. ఒకరి నమ్మకాన్ని మార్చడానికి అతని తల్లిని, బిడ్డను, శవాన్ని అడ్డం పెట్టుకోవడం ఏ పేరుతో చేసినా అన్యాయమే. సంప్రదాయం పేరుతో చేసినా అంతే, మతం పేరుతో చేసినా అంతే. ఓమురా దొర తన ప్రజలను క్రైస్తవులు కావాలని ఒత్తిడి చేసినా, తోకుగావా అధికారులు వద్దని చంపినా ఒకే తప్పు. మన రాజ్యాంగం 25వ అధికరణం ప్రతి మనిషికీ తన మనస్సాక్షి ప్రకారం నమ్మే స్వేచ్ఛ ఇచ్చింది. మన గూడెంలో, మన తండాలో ఎవరి ఇంటినైనా వెలివేయాలని పంచాయితీ పెడితే, అక్కడ కూర్చున్న చదువుకున్న యువకుడు ఈ మాట లేచి చెప్పాలి. అది వేరే నమ్మకంవాళ్ల ఇల్లయినా చెప్పాలి.

రెండోది. చర్చికి వెళ్లే పిల్లలకు ప్రత్యేకంగా చెబుతున్నాం. ఇంట్లో నాయనమ్మ ఇంకా గ్రామదేవతకు దీపం పెడుతుంటే ఆమెను కించపరచకండి. కుటుంబాన్ని చీల్చడం విశ్వాసానికి కొలత కాదు. ఉరకామిలో విశ్వాసం బతికింది ఇళ్లలోనే. ముసలివాళ్ల నోట్లోనే. ఇల్లు నిలబడితేనే ఏదైనా నిలబడుతుంది.

మూడోది. బెదిరింపు వచ్చినప్పుడు ఒక్కరే మోయకండి. ఉరకామిలో లెక్క చూసేవారొకరు, నీళ్లు పోసేవారొకరు, కబురు మోసేవారొకరు. బరువు పంచుకున్నారు కాబట్టే ఏడు తరాలు మోయగలిగారు. మీకు భయం కలిగితే పెద్దలకు చెప్పండి, టీచర్లకు చెప్పండి, ప్రాణాలకు ముప్పు ఉంటే పోలీసులకు చెప్పండి. సాయం అడగడం విశ్వాసం తక్కువై చేసే పని కాదు.

నాలుగోది. ఎవరైనా తమవాళ్ల కోసం వంగితే వాళ్లను దూరం పెట్టకండి. యేసు ఎవరో తనకు తెలియదని పేతురు మూడుసార్లు అన్నాడు. అతనికే తర్వాత మందను మేపే పని అప్పగించారు. సెన్‌ఎమోన్ లాంటి నిలబడినవాళ్లు లేకపోతే ఆ విశ్వాసానికి వెన్నెముక ఉండేది కాదు. తొక్కి, ఇంటికొచ్చి ఏడ్చి, బిడ్డకు ప్రార్థన నేర్పిన పేరు తెలియని తల్లులు లేకపోతే, నిలబడటానికి సెన్‌ఎమోన్ అనేవాడే ఉండేవాడు కాదు. చరిత్ర పుస్తకాల్లో మొదటివాళ్ల పేర్లుంటాయి. రెండోవాళ్లను తలచుకోవడం మన బాధ్యత.

మన తెగల్లో కూడా ఇలాంటి పేరు లేని మనుషులు ఎంతోమంది ఉన్నారు. అడవి నుంచి తరిమినప్పుడు, దొంగలని ముద్ర వేసినప్పుడు, భాష మరచిపొమ్మన్నప్పుడు తలవంచినట్టే వంచి, రాత్రి పూట పిల్లలకు పాట నేర్పినవాళ్లు. ఈ సెలవులకు ఇళ్లకు వెళ్లినప్పుడు మీ ఇంట్లోని పెద్దవాళ్లను అడగండి. మనవాళ్లను దేనితో భయపెట్టారో, ఎవరిని అడ్డం పెట్టి అడిగారో, అప్పుడు వాళ్లు ఏం దాచుకున్నారో అడిగి రాసుకోండి. ఆ మాటలు వచ్చే సంచికలో మీ చేతిరాతతో చదవాలని మేము ఎదురుచూస్తుంటాం.